న్యాయ సలహా: ‘గాడ ఏడ పండుకుంటడు సార్?’

మొన్న ఒక తల్లి సిరిసిల్లలోని నా ఆఫీసుకు వచ్చింది. బీడీలు అప్పజెప్పి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు ఇంకా తంబాకు వాసన. కొడుకుకు దుబాయ్ వీసా వచ్చిందట. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో పాస్‌పోర్టు జిరాక్సు, ఆఫర్ లెటరు, ఏజెంటు రాసిచ్చిన ఒక తెల్ల కాగితం ఉన్నాయి. "ఇయన్ని సక్కగున్నయా జర సూడు సార్" అంది. జీతం చూశాను, డ్యూటీ గంటలు చూశాను, టికెట్ ఎవరిదో చూశాను. బాగానే ఉన్నాయమ్మా అని చెప్పబోతుంటే ఆమె అడిగింది: "గాడ ఏడ పండుకుంటడు సార్?"

మళ్లీ కాగితం తిరగేశాను. ‘వసతి కంపెనీదే’ అని ఒకే ఒక్క మాట ఉంది. ఏ ఎమిరేటులో, ఏ పేటలో, క్యాంపులోనా అద్దె ఇంట్లోనా, గదికి ఎంతమంది, వసతి ఇవ్వలేకపోతే నెలకు ఎంత డబ్బు ఇస్తారు, ఇవేవీ లేవు. ఇన్నేళ్లుగా ఇలాంటి కాగితాలు చదువుతూ నేను జీతం అంకె దగ్గరే ఆగిపోతున్నానని ఆ తల్లి అడిగాక అర్థమైంది. పనిచేసేది ఎనిమిది, పది గంటలు. మిగతా పద్నాలుగు, పదహారు గంటలు మనిషి గడిపేది ఆ గదిలోనే. ఈ వారం శీర్షికంతా ఆమె ప్రశ్నకే.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన వలసకు మూడు చోట్లు చెప్పుకుంటాం. ఇక్కడ మగ్గం ఆగిపోతే సిరిసిల్ల పద్మశాలీలు భివండికి బస్సెక్కేవాళ్లు. అక్కడ దిగి పద్మానగర్ అంటే చాలు, దారి చూపేవాళ్లు దొరికేవారు. మన భాష, మన కుల సంఘం, మన పండుగలు అన్నీ అక్కడే. షోలాపూర్‌లోనూ అంతే. ముంబయికి పోయిన మన కామాటీ కూలీల పేరు మీద ఏకంగా కామాటిపుర అనే పేటే ఉంది. కొత్త ఊళ్లో ఏ పేటలో దిగాలన్నది మన పెద్దలు చుట్టాన్ని నమ్మి తేల్చుకున్నారు. అక్కడ బస మారినా, కిరాయి గొడవ వచ్చినా మనం మన దేశంలోనే, మన రాజ్యాంగం కిందే ఉన్నాం.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, వేములవాడ, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు కూడా ఇప్పటికీ అదే నమ్మకంతో పోతున్నారు. "మా బావమర్ది దుబాయ్ డేరాలో ఉంటడు, ఆయన రూముల దిగుత" అంటారు. చుట్టం మంచివాడే కావచ్చు. కానీ గల్ఫ్‌లో ఏ పేట మంచిదని అడిగే ముందు, ఏ పేటలో నువ్వుండటానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుందని అడగాలి. ఖతర్‌లో 2010 నాటి 15వ నంబరు చట్టం ఉంది. కుటుంబాలు నివసించే ప్రాంతాల్లో కార్మికుల గుంపు వసతి పెట్టకూడదని దాని సారం. షార్జాలో 2020లో అల్ ఖాదిసియా లాంటి కుటుంబ నివాస ప్రాంతాల నుంచి కుటుంబం లేకుండా ఉంటున్న వేలాది మందిని ఖాళీ చేయించారు. వాళ్లు దొంగతనం చేయలేదు, కిరాయి ఎగ్గొట్టలేదు. ఒంటరిగా వచ్చిన కూలీలు ఉండకూడని చోట ఉన్నారు, అంతే. మన దగ్గర భద్రమైన పేట అంటే దొంగల భయం లేనిది. అక్కడికి పోయే కూలీకి భద్రమైన చోటు అంటే, రాత్రి రెండు గంటలకు బలదియా (మున్సిపాలిటీ) వాళ్లు తలుపు కొట్టినా ‘ఇది నా బెడ్డు, ఇదిగో కాగితం’ అని చెప్పుకోగలిగిన చోటు.

ఆ కాగితం సంపాదించే పని ఇక్కడే, సిరిసిల్లలోనే మొదలవుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మన దేశంలో 1983 నాటి వలస చట్టం ఉంది. పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు మీద వలస అనుమతి తప్పనిసరి అని ఉంటుంది. వాళ్లు ఉద్యోగానికి గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు వెళ్లాలంటే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ అనుమతి కావాలి. ఈ చట్టం కింద చేసిన నియమాలు ఉద్యోగ ఒప్పందంలో ఏమేమి ఉండాలో కూడా చెబుతాయి. ఎక్కడ పని, ఎంతకాలం, ఎంత జీతం అన్నవే కాదు, ఉచిత వసతి గురించి, తిండి లేదా తిండి ఖర్చు గురించి, చివరకు మనిషి చనిపోతే దేహాన్ని ఇంటికి పంపడం గురించి కూడా రాసి ఉండాలి. అంటే వసతి కంపెనీ దయ కాదు. అది ఒప్పందంలో ఉండాల్సిన అంశమని మన చట్టమే అంటోంది. కాబట్టి ‘వసతి కంపెనీదే’ అన్న ఒక్క మాటతో సర్దుకోకండి. క్యాంపు పేరు, ప్రాంతం పేరు, వసతి ఇవ్వకపోతే ఇచ్చే అలవెన్సు ఎంతో రాసివ్వమని ఏజెంటును అడగండి. అడిగితే వీసా పోతుందని చాలామంది భయపడతారు. ఈ మాత్రం రాసివ్వలేని ఏజెంటు రేపు జీతం రాకపోతే ఫోనెత్తుతాడా?

ఏజెంటు అసలువాడేనా అన్నది కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. అంతకు ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా అది చట్టానికి విరుద్ధం. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. మన ఊళ్లలో లక్షన్నరకో రెండు లక్షలకో వీసా కొన్నామని ఎంత మామూలుగా చెప్పుకుంటారో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది. ఆ అప్పే మనిషిని అక్కడ ఎంత చెడ్డ గదిలోనైనా నోరు మూసుకుని ఉండేలా చేస్తుంది. గది బాగాలేదని వెనక్కి వద్దామంటే ఇక్కడ మిత్తి పెరుగుతూ ఉంటుంది. ఏజెంటు లేకుండా పోవాలనుకునేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. అది కూడా రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెన్సీయే.

వలస అనుమతితో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. అక్కడ ఉద్యోగం విషయంలో కోర్టు ఖర్చులకు 45,000 దాకా ఇస్తారన్న సంగతి పాలసీ తీసుకున్నవాళ్లలోనే చాలామందికి తెలియదు. పాలసీ కాగితం ఒక కాపీ ఇంట్లో ఉండాలి. ట్రంకు పెట్టె అడుగున కాదు, భార్యకో తల్లికో తెలిసిన చోట.

ఇక యుఏఈ సంగతి. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టంలో 13వ అధికరణం ప్రకారం యజమాని కార్మికుడికి అక్కడి అధికారుల అనుమతి ఉన్న, మనిషి ఉండదగిన వసతి ఇవ్వాలి. లేదా దానికి బదులు డబ్బు ఇవ్వాలి, లేదా జీతంలోనే కలిపి చూపాలి. పాస్‌పోర్టు లాంటి పత్రాలను యజమాని దగ్గర పెట్టుకోకూడదు. పనిలో పెట్టుకోవడానికి అయిన ఖర్చును కార్మికుడి నుంచి రాబట్టకూడదు. 2022లో వచ్చిన ఇంకో ఆదేశం ప్రకారం 50 మంది, అంతకు పైగా పనిచేసే కంపెనీ, 1,500 దిర్హాముల లోపు జీతం ఉన్నవాళ్లకు వసతి తప్పక చూపించాలి. గదిలో ఒక్కో మనిషికి కనీసం మూడు చదరపు మీటర్ల చోటుండాలన్నది అక్కడి ప్రమాణం. మన లెక్కలో చెప్పాలంటే ఒక నులకమంచం వేసుకుని, పక్కన పెట్టె పెట్టుకుని, కాళ్లు కదపడానికి కొంచెం జాగా. గొప్ప సౌకర్యమేమీ కాదు. అదే కనీస హక్కు. అంతకన్నా ఇరుకైతే అది ఫిర్యాదు చేయదగిన విషయం.

ఇక్కడ ఒక బాధాకరమైన విషయం చెప్పాలి. యుఏఈ కార్మిక మంత్రిత్వ శాఖ ఆఫర్ లెటరు అరబిక్, ఇంగ్లిష్‌తో పాటు కార్మికుడికి అర్థమయ్యే మరో భాషలో ఇవ్వాలన్న పద్ధతిని 2016 నుంచి అమలు చేస్తూ కొన్ని భాషలు ఎంపిక చేసింది. అందులో హిందీ ఉంది, ఉర్దూ, తమిళం, మలయాళం, నేపాలీ, సింహళం ఉన్నాయి. మన తెలుగు లేదు. లక్షల మంది మనవాళ్లు కష్టపడే దేశంలో మన భాషలో ఆ కాగితం దొరకదు. అందుకని సంతకం పెట్టేముందు ఉర్దూ గానీ హిందీ గానీ బాగా చదవగలిగినవాళ్లతో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివించుకోండి. జగిత్యాల, కోరుట్లలో ఉర్దూ చదివే పెద్దమనిషి దొరకని వాడ ఉండదు. ఇక్కడ సంతకం పెట్టిన ఆఫర్ లెటరు కన్నా చెడ్డ షరతులతో అక్కడ ఇంకో కాంట్రాక్టు మీద సంతకం పెట్టమంటే పెట్టక్కర్లేదు. ఆ లెటరు ఫొటో ఫోనులోనూ, ఇంట్లోవాళ్ల ఫోనులోనూ ఉండాలి.

కంపెనీ క్యాంపే దొరికితే గండం గడిచినట్టేనా? కాదు. 2024 జూన్ 12న తెల్లవారకముందే కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే ఆరంతస్తుల భవనం అంటుకుంది. 50 మంది చనిపోయారు. వారిలో 45 మంది భారతీయులు, అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. అది ఎవరో దొంగచాటుగా నడిపిన లాడ్జి కాదు, కంపెనీ తన మనుషులకు చూపిన వసతి. గదుల మధ్య అడ్డంగా పెట్టిన మండే సామగ్రి నుంచి దట్టమైన నల్లపొగ లేచిందని, మెట్ల మీదుగా దిగబోయినవాళ్లు ఊపిరాడక పడిపోయారని, పైకప్పు తలుపుకు తాళం ఉండటంతో పైకీ పోలేకపోయారని అక్కడి అగ్నిమాపక శాఖ చెప్పింది. అంతకు ముందు ఏడాది, 2023 ఏప్రిల్ 15న దుబాయ్ డేరాలోని అల్ రాస్‌లో ఒక భవనం అంటుకుని 16 మంది చనిపోయారు. అక్కడా భద్రతా నియమాలు పాటించలేదనే తేలింది.

కాబట్టి కొడుకు ఫోన్ చేసి "చేరిన్నే, రూము మంచిగుంది" అంటే అక్కడితో ఆగకండి. తల్లో, భార్యో, అన్నో ఎవరైనా సరే వీడియో కాల్‌లో ఆ గది చూపించమనండి. పడుకునే చోట అట్టలతోనో ప్లైవుడ్‌తోనో గోడలు కట్టారా? కిటికీ తెరుచుకుంటుందా? గ్యాసు సిలిండర్ ఎక్కడుంది? మెట్లు రెండు వైపులా ఉన్నాయా? పైకప్పు తలుపు తాళం తాళంచెవితోనే తీయాలా, లోపలి నుంచి నెడితే వస్తుందా? మొదటి రాత్రే ఆ మెట్లెక్కి పైకి పోయి చూసి రమ్మనండి. బాగాలేకపోతే కంపెనీకి వాట్సాప్‌లోనైనా రాతగా చెప్పాలి. వారం పది రోజుల్లో మార్పు లేకపోతే యుఏఈలో కార్మిక శాఖ నంబరు 600590000కు ఫోన్ చేయాలి. నిప్పు అంటుకుంటే 997, పోలీసులు 999, అంబులెన్సు 998. ఖతర్‌లో 999, కువైట్‌లో 112. ఈ అంకెలు అరబిక్ రాని మనిషికి కంఠస్థం కావాలి.

ఖతర్ గురించి ఒక్క మాట. అక్కడ 2021 మార్చి నుంచి కనీస మూల వేతనం నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ వసతి చూపించకపోతే దానికి 500, తిండి పెట్టకపోతే 300 రియాళ్లు అదనంగా ఇవ్వాలి. ‘అన్నీ కలిపి వెయ్యి’ అని ఎవరైనా చెబితే అది చట్టం చెప్పిన లెక్క కాదు.

ఎక్కువగా దెబ్బ తినేది మాత్రం కంపెనీ వసతి లేనివాళ్లు. విజిట్ వీసా మీద పోయి పని వెతుక్కునేవాళ్లు, ఆజాద్ వీసా అని కొనుక్కుని పోయేవాళ్లు, అలవెన్సు తీసుకుని బయట ఉండేవాళ్లు. వీళ్లందరికీ దొరికేది బెడ్ స్పేసు. ఒకాయన తన పేరు మీద ఫ్లాటు కిరాయికి తీసుకుంటాడు. హాలులో అట్టగోడలు పెట్టి నాలుగు గదులు చేస్తాడు. బాల్కనీకి పరదా కట్టి దాన్నీ గది అంటాడు. ఒక్కో గదిలో రెండంతస్తుల మంచాలు. ఒక మంచాన్ని రాత్రి డ్యూటీవాడికీ పగటి డ్యూటీవాడికీ ఇద్దరికీ ఇచ్చే చోట్లు కూడా ఉంటాయి. ఆయన చాలాసార్లు మన జిల్లావాడే. చెడ్డవాడని నేననను, తన కిరాయి భారం తాను దించుకుంటున్నాడు. కానీ చట్టం దృష్టిలో అక్కడ పడుకున్నవాడు గాలిలో ఉన్నట్టే.

దుబాయ్‌లో 2007 నాటి 26వ నంబరు కిరాయి చట్టం ప్రకారం ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప కిరాయిదారు ఇంకొకరికి కిరాయికి ఇవ్వకూడదు. ఇస్తే కిరాయిదారునీ, అతని కింద ఉన్నవాళ్లనీ కలిపి ఖాళీ చేయించవచ్చు. అయితే అదే చట్టం ఇంకో మాట కూడా అంది. అలా ఖాళీ చేయాల్సి వచ్చిన రెండోవాడు తనకు గది ఇచ్చిన కిరాయిదారు నుంచి నష్టపరిహారం అడగవచ్చు. చాలా మంచి హక్కు. కానీ డబ్బు ఇచ్చినట్టు చిన్న రుజువైనా లేకపోతే దాన్ని ఏం చేసుకుంటాం? 2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ అల్ రిగ్గా, మురఖ్ఖబాత్, సత్వా, అల్ బర్షా, అల్ రఫా ప్రాంతాల్లో అనుమతి లేని అట్టగోడల మీద పెద్ద ఎత్తున తనిఖీలు చేసింది. మనవాళ్లు ఎక్కువగా తిరిగే పేటలే అవి. కోరుట్ల నుంచి వచ్చిన పిల్లవాడు సామాను పట్టుకుని రోడ్డు మీద నిలబడితే అతనికి ఆ రాత్రి ఎవరు జవాబుదారీ?

అందుకని బెడ్డు తీసుకునే ముందు ఒక పని చేయండి. ఆ ఫ్లాటు కిరాయి ఒప్పందం ప్రభుత్వం దగ్గర నమోదైన కాగితం, దాన్ని అక్కడ ఇజారీ అంటారు, అది చూపించమనండి. ఎవరి పేరు మీద ఉందో చూడండి. అక్కడ ఉంటున్నవాళ్లందరి పేర్లు నమోదు చేయాలని 2022లో దుబాయ్ భూమి శాఖ చెప్పింది. మీ పేరు ఎక్కించమనండి. డబ్బు చేతికి ఇవ్వక బ్యాంకు ద్వారా ఇవ్వండి. అది కుదరకపోతే ‘ఈ నెల బెడ్డు కిరాయి ముట్టింది’ అని వాట్సాప్‌లో ఒక మెసేజి పెట్టించుకోండి. బాల్కనీలో, వంటింటి పక్కన అట్టగదిలో మాత్రం ఎంత చవకైనా పడుకోవద్దు. మీ పేరు మీదే ఫ్లాటు తీసుకుని పదిమందికి పంచే పని అంతకన్నా వద్దు. జరిమానా పడేది కాగితం మీద పేరున్నవాడికే.

ఆజాద్ వీసా అనేది ఏ చట్టంలోనూ లేని మాట. వీసా ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు మీద తీసుకుని, పని వేరే చోట చేయడమే అది. విజిట్ వీసా మీద పని చేయించుకునే యజమానికి యుఏఈలో లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉంది. అలా పనిచేసేవాడికి జీతం రాకపోతే కార్మిక శాఖలో మొరపెట్టుకునే దారే మూసుకుపోతుంది. ఆ మనిషిని మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. ఊళ్లో ఆ మాట నవ్వుతూ వాడతారు గానీ నేనెన్నడూ నవ్వలేకపోయాను. జ్వరమొస్తే ఆసుపత్రికి పోలేడు, తండ్రి చనిపోతే రాలేడు. ఇలాంటి చుట్టాన్ని రూములో దాచి పెట్టుకోవడం కూడా అక్కడ నేరమే. కడుపులో పెట్టుకుని చూసుకోవాలనిపించడం సహజం. కానీ దాచినవాడి అకామా (నివాస అనుమతి) కూడా ప్రమాదంలో పడుతుంది. అతన్ని భారత కాన్సులేట్ వాళ్ల సహాయ కేంద్రానికి తీసుకుపోవడం నిజమైన సాయం. దుబాయ్‌లో ఆ కేంద్రానికి ఉచితంగా చేయదగిన నంబరు 80046342. క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాస్ అనే ప్రయాణ పత్రంతో ఇల్లు చేరే వీలుంటుంది. యుఏఈలో చివరిసారి 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా అలా ఇచ్చారు.

ఇంట్లో పనికి పోయే ఆడవాళ్లకు యజమాని ఇల్లే వసతి, అదే పని స్థలం. పక్కగది తోడు కూడా ఉండదు. అందుకే మన ప్రభుత్వం వలస అనుమతి అవసరమైన మహిళలకు 30 ఏళ్లు నిండనిదే ఇంటిపనికి అనుమతి ఇవ్వదు, ప్రభుత్వ సంస్థల ద్వారా మాత్రమే పంపుతుంది. విజిట్ వీసా మీద పంపిస్తానన్న ఏజెంటు ఈ రెండు రక్షణలనూ తీసేస్తున్నాడు. అలా పోవద్దని నా చెల్లెళ్లందరికీ చేతులు జోడించి చెబుతున్నాను.

ఇక అక్కడ పోలీసు కేసులో ఇరుక్కుంటే ఏం చేయాలన్న సంగతి. సిరిసిల్ల వాళ్లకు ఒక కేసు నేను గుర్తు చేయక్కర్లేదు. 2005లో దుబాయ్‌లో నేపాల్‌కు చెందిన ఒక కాపలాదారు హత్య కేసులో మన జిల్లాకు చెందిన ఐదుగురు జైలు పాలయ్యారు. సుమారు 18 ఏళ్ల తర్వాత 2024 ఫిబ్రవరిలో ఇళ్లకు చేరారు. అప్పటి సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారక రామారావు నేపాల్ దాకా పోయి మృతుడి కుటుంబానికి 15 లక్షలు ఇచ్చి క్షమాపణ పత్రం తెచ్చిన తర్వాత కూడా ఏళ్లు గడిచాయి. ఆ కేసు మంచిచెడ్డలు నేను ఇక్కడ తేల్చడం లేదు. పోలీసు స్టేషన్‌లో, కోర్టులో భాష తెలియని మనిషికి ఏం మిగులుతుందన్నదే నా బాధ. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం విదేశంలో అరెస్టయిన మనిషి కోరితే ఆ సంగతిని అతని దేశ కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా చెప్పాలి. ఆ హక్కు ఉందని అతనికి కూడా చెప్పాలి. క్యాంపులో కొట్లాట జరిగి పోలీసులు అందరినీ పట్టుకుపోయినా, మొదట నోట రావలసిన మాట ‘ఇండియన్ ఎంబసీ’. అర్థం కాని కాగితం మీద సంతకం చేయకుండా దుబాసీని అడగవచ్చు. ఇంట్లోవాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఢిల్లీలోని ప్రవాసీ సహాయ కేంద్రం నంబరు 1800113090.

చదువుకు పోయే పిల్లల తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు కాబట్టి రెండు మాటలు. 2009 మేలో మెల్‌బోర్న్ హాడ్‌ఫీల్డ్‌లో మన తెలుగు విద్యార్థి మీద స్క్రూడ్రైవర్‌తో దాడి జరిగిన తర్వాత అందరూ ఏ పేట మంచిదని వెతకడం మొదలుపెట్టారు. రాత్రి పని నుంచి స్టేషన్‌లో దిగాక ఇంటికి నడిచే దారి ఎలాంటిదన్నది పేట పేరు కన్నా ముఖ్యం. గది కిరాయికి ముందే అడ్వాన్సు పంపేయమంటే పంపకండి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఆ అడ్వాన్సు ఓనరు జేబులో ఉండకూడదు, పది పనిదినాల్లో ప్రభుత్వ సంస్థ దగ్గర జమ చేయాలి, రసీదు నేరుగా అక్కడి నుంచే వస్తుంది.

మళ్లీ గల్ఫ్ సంగతికి వద్దాం. ఏజెంటు మోసం చేశాడు, వసతి అన్నచోట వసతే లేదు. అప్పుడు ఇక్కడ ఏం చేయాలి? లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపడం వలస చట్టం కింద రెండేళ్ల దాకా జైలు పడే నేరం. మోసం భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. వలస చట్టం కింద కేసుకు కేంద్రం ముందస్తు అనుమతి కావాలని కొందరు పోలీసులు వెనక్కి పంపిస్తారు. ఆ మాట సగమే నిజం. 27వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. పోయినవాడు గానీ, పోవాలనుకున్నవాడు గానీ, అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, బిడ్డ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. ఈ సెక్షన్ నంబరు చీటీ మీద రాసుకుని పోండి. లాయరుకు ఇచ్చే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. అంటే ఎక్కువ కేసుల్లో ఇంట్లో మిగిలి ఉన్న తల్లే, భార్యే ఫిర్యాదుదారు కావచ్చు, ఆమెకు వకీలు ఖర్చు కూడా ఉండదు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల సాయం ప్రకటించింది. 2023 డిసెంబరు 7 తర్వాత జరిగిన మరణాలకు అది వర్తిస్తుంది. దరఖాస్తు కలెక్టర్ ఆఫీసులో ఇవ్వాలి.

ఇంకో చిన్న సంగతి, ఖర్చు లేనిది. దుబాయ్‌లో ప్రతి భవనం వాకిలి దగ్గర మకానీ అని పది అంకెల నంబరు ఉంటుంది. కువైట్‌లో పాసీ నంబరు. ఖతర్‌లో నీలం పలక మీద జోన్, వీధి, భవనం అంకెలు. ఫోన్ కలవని రోజు, ఎంబసీ వాళ్లు ‘మీ మనిషి ఎక్కడ ఉంటాడు?’ అని అడిగితే ‘దుబాయ్‌ల సార్’ అనడానికీ, ఆ పది అంకెలు చెప్పడానికీ మధ్య ఎన్నో రోజుల తేడా ఉంటుంది.

ఆ తల్లికి ఆ రోజు ఆఫర్ లెటరు జిరాక్సు వెనుక ఏజెంటును అడగాల్సిన ప్రశ్నలు పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. వారం తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి కొడుకు కూడా వెంట ఉన్నాడు. ఏజెంటు మొదట విసుక్కున్నాడట. ఆమె ఆ దుకాణం మెట్ల మీద కూర్చుందట. సాయంత్రానికి కంపెనీ నుంచి కాగితం తెప్పించి ఇచ్చాడు: సోనాపూర్‌లోని క్యాంపు పేరు, గదికి ఆరుగురు, వసతి ఇవ్వని నెల ఇచ్చే అలవెన్సు. "గిది దూరమా సార్, పని కాడికి?" అని అడిగింది. ఊరికి ఓ అంచున ఉంటుందమ్మా, కంపెనీ బస్సు ఉంటుందని ఇందులోనే రాశారు అన్నాను. ఆమె తన బీడీల లెక్కల పుస్తకం తీసి వెనక అట్ట తిప్పి నా ముందు పెట్టింది. క్యాంపు పేరు, సహాయ కేంద్రం నంబరు తెలుగులో రాసిచ్చాను. కింద ఒక గీత గీసి ఖాళీ వదిలాను.

"గిదెందుకు సార్?"

"తమ్ముడు పోయినంక మకానీ నంబరు పంపుతాడు. అది రాసుకోవడానికి."

కొడుకు వైపు తిరిగి, "ఇన్నవా బిడ్డా, దిగిన్నాడే పంపాలె" అంది.